ఇంటిల్లిపాదీ తిరిగే కారులో ప్యాడిల్ షిఫ్టర్ల వల్ల నిజంగా ప్రయోజనం ఉందా?

గుంటూరు ప్రయాణికుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా నడిపిన మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్‌ను అమ్మేసి, ఇంట్లో ఐదుగురికీ సరిపోయే పెట్రోలు కాంపాక్ట్ ఎస్‌యూవీని, అదీ ఆటోమేటిక్‌లో, తీసుకోవాలని నిశ్చయించుకున్నాము. మాకు నచ్చిన బండిలో టార్క్ కన్వర్టర్ రకం ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉంది. అయితే స్టీరింగు వెనుక ప్యాడిల్ షిఫ్టర్లు, అంటే వేలితో నొక్కి గేరు మార్చుకునే మీటలు, కావాలంటే ఒక మెట్టు పై వేరియంటుకు వెళ్లాలి. ఆ తేడా ఆన్‌రోడ్ ధరలో లక్ష రూపాయలు దాటుతోంది. ఆ డబ్బుకు సన్‌రూఫ్, పెద్ద స్క్రీను కూడా వస్తాయి కానీ, వాటి మీద మాకు మోజు లేదు.

షోరూములో మాకు బండి చూపించిన అబ్బాయి ప్యాడిల్స్ గురించి చెప్పినంతసేపూ ‘స్పోర్టీ ఫీల్ ఉంటుంది సార్, రేసు కారులా ఉంటుంది సార్’ అన్నాడే తప్ప, వాటిని ఎప్పుడు నొక్కాలో, నొక్కితే ఏమవుతుందో వివరించలేకపోయాడు. వెనుక సీట్లో కూర్చుని వింటున్న మా నాన్నగారు ‘మనకు పందెం ఎవరితోనయ్యా?’ అని అడిగేసరికి అతను నవ్వి ఊరుకున్నాడు.

మా వాడకం ఇలా ఉంటుంది. రోజూ గుంటూరు నుంచి విజయవాడకు ఆఫీసు ప్రయాణం, పిల్లల బడి, అప్పుడప్పుడు తిరుమల, శ్రీశైలం, సెలవుల్లో అరకు. నాతోపాటు నా భార్య కూడా నడుపుతుంది. కింది వేరియంటులో గేర్ లీవరును పక్కకు నెడితే మాన్యువల్ మోడ్ వస్తుంది, దానికి ప్లస్, మైనస్ గుర్తులు ఉన్నాయి. అలాంటప్పుడు ప్యాడిల్స్ కోసం అదనంగా ఖర్చు పెట్టడంలో అర్థముందా? వాటిని తరచుగా వాడితే గేర్‌బాక్సు పాడవుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ప్రార్థన.

నల్లమల బాటసారి:

గుంటూరు ప్రయాణికుడు గారూ, ఆ అబ్బాయి చెప్పిన మాట చరిత్ర వరకూ నిజమే. ఈ ప్యాడిల్స్ 1989లో ఫెరారీ వారి ఫార్ములా వన్ కారుతో వెలుగులోకి వచ్చాయి. ఆ ఏడాది బ్రెజిల్‌లో జరిగిన తొలి పందెంలోనే ఆ కారులో నైజెల్ మాన్సెల్ గెలిచాడు. స్టీరింగు మీది నుంచి చెయ్యి తియ్యకుండా రెప్పపాటులో గేరు మార్చడం అక్కడి అవసరం. మన కుటుంబపు బండిలో అవి చేసే పని ఇంచుమించు దానికి తలకిందులుగా ఉంటుంది. వేగంగా పోవడానికి కాక, నెమ్మదిగా దిగడానికి అవి పనికొస్తాయి. నా దృష్టిలో వాటికున్న అసలు విలువ ఘాట్ దిగుడులోనే ఉంది.

తిరుమలనే తీసుకుందాము. ఇప్పుడు కిందికి దిగడానికి వాడే మొదటి ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది, అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయని చెబుతారు. అలిపిరికీ తిరుమలకూ ఎత్తులో తేడా 650 మీటర్లు అనుకుందాము. ఐదుగురు మనుషులు, సామానుతో కలిపి 1,700 కిలోలు తూగే బండి అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి, లెక్క వేస్తే, దాదాపు 3 యూనిట్ల కరెంటుకు సమానం. అందులో మూడో వంతు టైర్ల రాపిడికీ గాలికీ పోయినా, మిగిలినదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారక తప్పదు. లీవరును డీలోనే (గేర్లు వాటంతట అవే మారే డ్రైవ్ స్థానంలోనే) ఉంచి, మాటిమాటికీ బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడి మొత్తం చక్రాల దగ్గరున్న డిస్కుల మీదా ప్యాడ్ల మీదా పడుతుంది. దిగువ మలుపుల దగ్గర కాలిన వాసన రావడానికి కారణం అదే.

వాసనతో ఆగితే ఫరవాలేదు. అసలు ప్రమాదం బ్రేకు ఫ్లూయిడ్ మరగడంలో ఉంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకూ మరగకూడదన్నది ప్రమాణం. కానీ ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటూ పోతుంది కాబట్టి, పాతబడిన కొద్దీ ఆ పరిమితి 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. ఫ్లూయిడ్ మరిగి పైపుల్లో ఆవిరి చేరితే పెడల్ మెత్తగా నేలదాకా దిగుతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి దాన్ని మార్పించమని సర్వీసు పుస్తకాల్లో రాసేది ఇందుకే. మనలో ఎంతమంది మార్పిస్తున్నారన్నది వేరే సంగతి.

ఇప్పుడు ప్యాడిల్ దగ్గరికి వద్దాము. డీలో ఉన్నప్పుడు మీరు యాక్సిలరేటరు వదిలేసి దిగుతుంటే, పెట్రోలు ఆదా చేయాలన్న ఉద్దేశంతో గేర్‌బాక్సు పై గేరుకు వెళ్లిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరులో ఇంజిను నిమిషానికి 1,500 చుట్ల లోపే తిరుగుతుంటే, అది బండిని పెద్దగా పట్టి ఉంచలేదు. ఎడమచేతి వైపున్న మైనస్ ప్యాడిల్‌ను రెండుసార్లు నొక్కి రెండో గేరుకు తెస్తే, ఇంజిను మూడు వేలకు అటూ ఇటూ తిరుగుతూ బండిని వెనక్కి లాగి పడుతుంది. అప్పుడు బ్రేకును మలుపు ముందర ఒకసారి గట్టిగా తొక్కి వదిలేస్తే సరిపోతుంది, మలుపుకూ మలుపుకూ మధ్య డిస్కులు చల్లబడతాయి. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే సూత్రం ఆటోమేటిక్ బండికీ వర్తిస్తుంది. దాన్ని పాటించే వీలు కల్పించేదే ఈ మైనస్ మీట.

కొందరు పెట్రోలు మిగులుతుందని ఘాట్‌లో న్యూట్రల్ వేసి దిగుతారు. ప్రాణానికి ముప్పు అన్న మాట అటుంచితే, లెక్క ప్రకారం కూడా అది తప్పే. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే పెట్రోలు సరఫరాను పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజినును తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిను ఆగకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది.

గేర్‌బాక్సు పాడవుతుందేమోనన్న భయం అక్కరలేదు. ప్యాడిల్స్ రెండూ చిన్న విద్యుత్ స్విచ్చులు మాత్రమే, అవి కంప్యూటరుకు విన్నపం చేస్తాయంతే. వందలో పోతూ మీరు రెండో గేరు అడిగితే అది ఒప్పుకోదు, ఒక కూత కూసి ఉన్న గేరులోనే ఉంటుంది. ఇక లక్ష రూపాయల సంగతి: లీవరులోని మాన్యువల్ మోడ్ ఇదే పనిని ఇలాంటి స్విచ్చుతోనే చేస్తుంది. ఘాట్ కోసమే అయితే కింది వేరియంటు మీకు చాలు.

సీవీటీ వాడుకరి, హైదరాబాదు:

నల్లమల బాటసారి గారు చెప్పిన భౌతికశాస్త్రంతో నాకు పేచీ లేదు గానీ, ఆచరణలో ప్యాడిల్స్ ఎంతమంది వాడుతున్నారన్నది కూడా ఆలోచించాలి. మా ఇంట్లో ప్యాడిల్స్ ఉన్న సీవీటీ సెడాన్ ఉంది. కొన్న కొత్తలో ఔటర్ రింగ్ రోడ్డు మీద సరదాగా నొక్కాను. ఆ తర్వాత నగరంలో వాటి ఊసే మరిచిపోయాను. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పది కిలోమీటర్ల వేగంతో పాకుతున్నప్పుడు మార్చుకోవడానికి గేరేముంటుంది? పైగా సీవీటీలో నిజానికి గేర్లే ఉండవు. రెండు పుల్లీల మధ్య బెల్టు జారుతూ నిష్పత్తి మారుతుంది, ప్యాడిల్ నొక్కినప్పుడు కంప్యూటరు కొన్ని నిష్పత్తుల దగ్గర ఆగి, ఏడు గేర్లున్నట్టు నటిస్తుంది. అయినా దిగుడులో పట్టు మాత్రం నిజమైనదే, అది ఒప్పుకోవాలి.

ఇంకొక చిక్కును ఎవరూ ప్రస్తావించరు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లు కొన్నింటిలో ప్యాడిల్స్ స్టీరింగు కాలమ్‌కు బిగించి ఉంటాయి, చక్రం తిరిగినా అవి కదలవు. మన బండ్లలో అవి చక్రంతోపాటే తిరుగుతాయి. హెయిర్‌పిన్ మలుపులో చక్రాన్ని సగం చుట్టు తిప్పాక మైనస్ ప్యాడిల్ కుడివైపుకు వచ్చి చేరుతుంది, ఆ కంగారులో చెయ్యి ప్లస్ మీద పడితే గేరు పెరిగి బండి జారిపోతున్నట్టు అనిపిస్తుంది. అందువల్ల మలుపుకు ముందే, చక్రం నిటారుగా ఉన్నప్పుడే గేరు దించుకోవాలి. అంత ముందుగా దించుకునేటప్పుడు లీవరుతో దించినా ఒకటే కదా అన్నది నా వాదన.

నేను ప్యాడిల్స్‌ను మెచ్చుకునే సందర్భం ఒకటుంది. డివైడరు లేని రెండు వరుసల రోడ్డు మీద, ఉదాహరణకు శ్రీశైలం దారిలో, బస్సును దాటాలనుకుందాము. యాక్సిలరేటరును నేలకు అదిమితే గేర్‌బాక్సు తేరుకుని కింది గేరుకు రావడానికి కొంత సమయం తీసుకుంటుంది, టర్బో ఇంజినైతే ఒత్తిడి పుంజుకోవడానికి మరికొంత పడుతుంది. ఎదురుగా ఖాళీ కనిపించబోతోందనగానే మైనస్ నొక్కి సిద్ధంగా ఉంటే, కుడివైపుకు తీసిన మరుక్షణమే బండి కదులుతుంది. ఎదుటివారి వరుసలో ఉండే వ్యవధి ఆ మేరకు తగ్గుతుంది. ఈ పని లీవరుతోనూ చేయవచ్చు కానీ, ఆ సమయంలో రెండు చేతులూ చక్రం మీద ఉండటమే నాకు ఇష్టం.

గుంటూరు ప్రయాణికుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా భార్య రెండు సందేహాలు అడగమంది. యూ టర్న్ తీసుకునేటప్పుడు పొరపాటున ప్యాడిల్‌కు వేలు తగిలితే బండి మాన్యువల్‌లోనే ఉండిపోయి, సిగ్నల్ దగ్గర ఆగిపోతుందా? ఇంజినుతో వేగం తగ్గించినప్పుడు వెనుక బ్రేకు లైట్లు వెలగవు కదా, వెనుక వచ్చేవారు గుద్దరా?

నల్లమల బాటసారి:

మొదటి సందేహానికి చాలా బండ్లలో సమాధానం ఒకటే. డీలో ఉండగా వేలు తగిలితే తాత్కాలికంగా మాన్యువల్‌కు మారి, కొద్దిసేపటికి, లేదా మీరు నిలకడగా యాక్సిలరేటరు తొక్కగానే, తనంతట తాను డీకి తిరిగి వస్తుంది. లీవరును మాన్యువల్ స్థానంలోకి నెట్టి ఉంటేనే గేరు మీ చేతిలో ఉండిపోతుంది. అప్పుడు కూడా బండి ఆగేసరికి కంప్యూటరే మొదటి గేరుకు దించేస్తుంది కాబట్టి ఇంజిను ఆగిపోదు. ఈ తాత్కాలికం అన్న గుణమే ఘాట్‌లో ఇబ్బంది. దిగుతుండగా మధ్యలో అది డీకి వెళ్లిపోయి గేరు పెంచేస్తుంది. అందుకే దిగుడు మొదలయ్యేచోట లీవరును మాన్యువల్‌లోకి నెట్టి, ఆ తర్వాత ప్యాడిల్‌తోనో లీవరుతోనో గేరు ఎంచుకోవాలి.

మేడమ్ గారి రెండో ప్రశ్న మరీ సూటిగా ఉంది. పెట్రోలు బండిలో ఇంజినుతో వేగం తగ్గితే లైట్లు వెలగవు. వెనుక బండి దగ్గరగా ఉంటే, బ్రేకు పెడల్‌ను లైటు వెలిగేంత మటుకు తేలికగా తాకి, ఆపైన గేరు దించండి. వానలో ఒక్కసారిగా రెండు గేర్లు దించడం, అందులోనూ మలుపు మధ్యలో, మానుకోవాలి. మన బండ్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. ఆ హఠాత్తు లాగుడు తడి రోడ్డు మీద తిరుగుతున్న ముందు టైర్ల మీదే పడి పట్టు తప్పించవచ్చు. ఒక్కొక్క గేరుగా, తిన్నని రోడ్డు మీద దించుకోవాలి.

హిల్ డిసెంట్ కంట్రోల్ అనే మీట ఉంది కదా అని కొందరు అడుగుతుంటారు. అది గతుకుల రోడ్ల మీద నిటారు దిగుడు కోసం బ్రేకులనే తనంతట తాను వేస్తూ పోతుంది కనుక, తిరుమల వంటి పొడవైన దిగుడులో డిస్కుల వేడి సమస్యను అది తీర్చదు.

విద్యుత్ వాహనదారు, విశాఖపట్నం:

చర్చలో ఈవీల (విద్యుత్ వాహనాల) ప్రసక్తి రాలేదు కాబట్టి రాస్తున్నాను. 2023లో మారిన నెక్సాన్ ఈవీలోనూ, క్రెటా ఎలక్ట్రిక్‌లోనూ స్టీరింగు వెనుక ప్యాడిల్స్ ఉంటాయి, కానీ అక్కడ మార్చడానికి గేర్లు లేవు. యాక్సిలరేటరు వదిలినప్పుడు మోటారు ఎంత బలంగా బండిని పట్టి, ఆ శక్తిని బ్యాటరీకి పంపాలన్నది వాటితో నిర్ణయించుకుంటాము. నా అభిప్రాయంలో ప్యాడిల్స్‌కు నిత్యజీవితంలో అసలైన ఉద్యోగం దొరికింది ఈవీలలోనే. పెట్రోలు కారులో నెలకోసారి గుర్తొచ్చే మీటను ఇక్కడ ప్రతి సిగ్నల్ దగ్గరా వాడతాము. ఖాళీ హైవే మీద పట్టు తగ్గించి జారనిస్తాము, మద్దిలపాలెం కూడలి దగ్గరపడుతుండగా పెంచుకుంటాము, బ్రేకు పెడల్ అవసరం చాలావరకు తగ్గిపోతుంది. బలంగా వేగం తగ్గినప్పుడు బండే బ్రేకు లైట్లు వెలిగిస్తుంది.

అనంతగిరి మీదుగా అరకు నుంచి దిగేటప్పుడు స్క్రీను మీద బ్యాటరీ శాతం తగ్గాల్సింది పోయి పెరగడం చూసి పిల్లలు కేరింతలు కొడతారు. పైన చెప్పిన తిరుమల లెక్కనే తీసుకుంటే, 3 యూనిట్లలో టైర్లకూ గాలికీ మోటారు నష్టాలకూ పోగా ఒకటిన్నర యూనిటు తిరిగి వచ్చినా, అది మరో పది కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడుతుంది. జాగ్రత్త ఒకటే: కొండ మీద బ్యాటరీని నూరు శాతం నింపుకుని దిగవద్దు. నిండిన బ్యాటరీలో శక్తి పెట్టుకోవడానికి చోటుండదు కాబట్టి, ప్యాడిల్‌ను ఎంత పెంచినా మోటారు పట్టు నామమాత్రంగా ఉంటుంది, భారమంతా మళ్లీ మామూలు బ్రేకుల మీదే పడుతుంది.

డెన్వర్ తెలుగువాడు:

మేము ఉండే కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగం దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి నుంచి డెన్వర్ దాకా ఐ-70 హైవే చాలావరకు దిగుడే. బ్రేకులు విఫలమైన లారీలు ఎక్కి ఆగడానికి పక్కన కంకర దిబ్బల దారులే ప్రత్యేకంగా కట్టారు. ఇక్కడ చాలామంది మధ్యతరగతి కుటుంబాలు నడిపే సుబారు బండ్లలో సీవీటీతోపాటు ప్యాడిల్స్ ఉంటాయి. మంచు కురిసిన రోజున బ్రేకు వేస్తే చక్రాలు జారతాయన్న భయంతో వాటిని మెల్లగా నొక్కుతూ దిగుతాము. నాకు తెలిసిన తెలుగువారిలో మాన్యువల్ బండి నేర్చుకుని వచ్చినవారికి ఇది ఇట్టే అబ్బుతుంది. ఇక్కడికొచ్చాకే ఆటోమేటిక్‌తో డ్రైవింగ్ నేర్చుకున్నవారు మాత్రం ఇంజిను చప్పుడు పెరగగానే ఏదో విరిగిపోతోందని హడలిపోతారు. గుంటూరు ప్రయాణికుడు గారి ఇంట్లో ఇద్దరూ మాన్యువల్ అలవాటున్నవారైతే ఆ బెంగ లేదు.

హైబ్రిడ్ వైపు ఆలోచన ఉంటే ఒక మాట. హోండా హైబ్రిడ్లలో, మీ దగ్గర అమ్మే సిటీ హైబ్రిడ్‌తో సహా, ప్యాడిల్స్ గేర్లు మార్చవు, ఈవీలో మాదిరిగా వేగం తగ్గే తీవ్రతను మారుస్తాయి. టొయోటా హైరైడర్ హైబ్రిడ్‌లో ప్యాడిల్స్‌కు బదులు లీవరు మీద ‘బీ’ అనే స్థానం అదే పని చేస్తుంది. కాబట్టి బ్రోచరులో ప్యాడిల్స్ అన్న మాట ఉందా లేదా అని కాక, దిగుడులో ఆ బండిని పట్టి ఉంచే ఏర్పాటు ఏమిటని అడగడం మేలు.

గుంటూరు ప్రయాణికుడు:

అందరి మాటలూ విన్న తరువాత కింది వేరియంటు వైపే మొగ్గుతున్నాము. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే ప్యాడిల్స్ అమ్ముతున్నారు, వాటిని తెప్పించి బిగించుకోవచ్చా అని మా అబ్బాయి అడుగుతున్నాడు.

సీవీటీ వాడుకరి, హైదరాబాదు:

అవి ప్యాడిల్స్ కావండీ, ఉన్న ప్యాడిల్స్ మీద అంటించుకునే పొడవాటి తొడుగులు. లేని బండికి అంటిస్తే ప్లాస్టిక్ చెవుల్లా వేలాడటం తప్ప ఏమీ చేయవు. నిజమైన స్విచ్చులు పెట్టించాలంటే ఎయిర్‌బ్యాగు విప్పి, స్టీరింగు లోపలి వైరింగును కదిలించాలి. బయట చేయిస్తే వారంటీ సమస్యలు వస్తాయి, ఎయిర్‌బ్యాగుతో చెలగాటం అంతకన్నా ప్రమాదం. ఆ ఆలోచన మానండి.

బుక్ చేసే ముందు మాత్రం టెస్ట్ డ్రైవ్‌ను షోరూము చుట్టూ తిప్పి సరిపెట్టుకోవద్దు. మీకు దగ్గరలోనే మంగళగిరి పానకాల నరసింహస్వామి కొండకు ఘాట్ రోడ్డు ఉంది, అక్కడిదాకా తీసుకెళ్లనివ్వమని అడగండి. డీలో కొంతదూరం, లీవరును మాన్యువల్‌లో పెట్టి రెండో గేరులో మరికొంతదూరం దిగి, బ్రేకు ఎన్నిసార్లు తొక్కాల్సి వస్తోందో మీరూ మేడమ్ గారూ విడివిడిగా గమనించండి. కొన్ని బండ్లలో గేరు తగ్గించడానికి లీవరును ముందుకు నెట్టాలి, కొన్నింటిలో వెనక్కి లాగాలి. మీ చేతికి ఏది సహజంగా వస్తుందో కూడా అప్పుడే తెలిసిపోతుంది.